కోరింగ బురదలో కళ్లార్పే చేప

ఎవరైనా దిక్కుతోచక అల్లాడుతుంటే ఒడ్డున పడ్డ చేపలా గిలగిల కొట్టుకుంటున్నాడని అంటాం. చిన్నప్పటి నుంచి వింటూ, వాడుతూ వచ్చిన ఈ పోలికకు ఎదురు ఉంటుందని నాకు ఏనాడూ తోచలేదు. గత శీతకాలంలో ఒక అమావాస్య మర్నాడు, మధ్యాహ్నం మూడు గంటల వేళ, కోరింగ మడ అడవిలోని చెక్క వంతెన మీద మోకాళ్లూని కిందికి చూస్తున్న మా అమ్మాయి "నాన్నా, ఇది చేపా, కప్పా?" అని అడిగింది. ఆమె చూపించిన చోట, నీరు తీసిన బురద మీద, నా చూపుడు వేలంత ప్రాణి ఒకటి ముందు రెక్కల మీద ఒంటిని ఆనించుకుని, తల పైకెత్తి మమ్మల్నే చూస్తోంది. నీరు దానికి రెండు బారల దూరంలో ఉంది. అది కొట్టుకోవడం లేదు, రొప్పడం లేదు, నీటి వైపు పాకాలన్న తొందర కూడా దానిలో కనిపించలేదు. పక్కన ఒక ఈగ వాలితే అటు తిరిగి చూసింది. ఆ తర్వాత కన్ను ఆర్పింది.

అది చేపే. శాస్త్రజ్ఞులు మడ్‌స్కిప్పర్ అంటారు. ఆ రోజు మమ్మల్ని పాయలో తిప్పిన పడవాయన మాత్రం బురద చేప అన్నాడు. మాట బాగుంది కనుక నేనూ అదే వాడతాను. వంతెన మీద నడిచి వెళ్లేవారిలో దాన్ని చూసి తొండపిల్ల అని ఒకరు, కప్ప అని ఇంకొకరు అనుకుంటూ సాగిపోవడం ఆ ఒక్క పూటలోనే నాలుగైదు సార్లు విన్నాను. వాళ్లను తప్పుపట్టను, ఎందుకంటే అంతకు ముందు అదే వంతెన మీద ఎన్నోసార్లు నడిచి, చెట్లను, కొంగలను చూసి ఇంటికి వచ్చినవాణ్ని నేనూ. ఆ తర్వాతి ఏడాది కాలంలో మాత్రం కేవలం ఈ చేప కోసమే, సముద్రపు నీరు వెనక్కి తీసే పాటు వేళలు ముందుగా చూసుకుని, ఆరుసార్లు కోరింగ వెళ్లాను. చూసిన దానికి చదివినది తోడై, ఈ చేప గురించి సాధారణంగా చెప్పే మాటల్లో ఒక పెద్ద మాట తప్పని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఆ మాట దగ్గరికి వచ్చే ముందు దాని చోటును కొంత చెప్పాలి.

కోరింగ అభయారణ్యం కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో, గోదావరి నీరు సముద్రాన్ని చేరే చోట ఉంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ ప్రాంతం విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. ఇక్కడికి వచ్చేవారు మడ చెట్లను, తిల్ల చెట్లను, కాళ్లు చాపి నిలబడ్డట్టుండే ఉప్పు పొన్నలను చూస్తారు, అదృష్టం బాగుంటే పాయ ఒడ్డున నీటికుక్కల గుంపును కూడా చూస్తారు. బురదను మాత్రం ఎవరూ చూడరు. అది నది దక్కను నేలల నుంచి మోసుకొచ్చిన ఒండ్రు. పైన పలచని గోధుమ రంగు పొర ఎండకు నిగనిగలాడుతుంది, వేలు గుచ్చితే అంగుళం లోతుకే కాటుకలా నల్లబడుతుంది, ఆ వేలిని ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుది. కింద ఆక్సిజన్ అందని చోట బతికే సూక్ష్మజీవులు దాన్ని పుట్టిస్తాయి. మడ చెట్టు తన వేర్లను నేలలోంచి మేకుల్లా పైకి పంపి గాలి పీల్చుకోవడానికి కారణం కూడా ఈ ఊపిరాడని బురదే. రోజుకు రెండుసార్లు పోటు వచ్చి దీన్ని ముంచుతుంది, రెండుసార్లు పాటు వచ్చి ఎండకు వదిలేస్తుంది. చేపకు నీరు లేకుండా పోయే గంటలు, నేల జంతువుకు నేల లేకుండా పోయే గంటలు రెండూ ఇక్కడ ప్రతిరోజూ ఉంటాయి. అటువంటి చోట ఈ చేప గంటల తరబడి పైన తిరుగుతుంది, ఆ నల్లని బురదలోనే బొరియ తవ్వి గుడ్లను కాపాడుతుంది.

మామూలు చేప ఒడ్డున ఎందుకు చస్తుందో తెలిస్తే గానీ ఇది ఎలా బతుకుతుందో తెలియదు. చేప చుట్టూ ఉన్న గాలిలో నీటిలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఆక్సిజన్ ఉంటుంది, అయినా దాని మొప్పలు ఆ గాలిని వాడుకోలేవు. నీటిలో విప్పుకుని తేలే ఆ సన్నని రేకులు, నీటి ఆసరా పోగానే తడిసిన పుస్తకం పేజీల్లా ఒకదానికొకటి అతుక్కుంటాయి. బురద చేపల మొప్పలు గట్టిగా, పొట్టిగా ఉండి అంత తేలికగా అతుక్కోవు. కొన్ని జాతుల్లో రేకుల మధ్య అడ్డు అతుకులు కూడా ఉంటాయి. అయితే నేల మీద దానికి అసలు ఆధారం మొప్పలు కావు, చర్మం. తల మీద, వీపు మీద, నోటి లోపల, గొంతులో రక్తనాళాలు చర్మపు పైపొరకు ఎంతో దగ్గరగా అల్లుకుని ఉంటాయి. చర్మం తడిగా ఉన్నంతసేపూ గాలిలోని ఆక్సిజన్ ఆ తడిలో కరిగి నేరుగా రక్తంలోకి దిగుతుంది. ఆరిపోతే ఆ దారి మూసుకుపోతుంది.

అందుకే అది పొర్లుతుంది. ఈ పొర్లడాన్ని నేను మూడడుగుల దూరం నుంచి చూశాను. ఒక వేరు నీడలో కదలకుండా కూర్చున్న చేప ఉన్నట్టుండి గుప్పెడు నీరు నిలిచిన గుంట దగ్గరికి కుప్పించి, కుడి పక్కకు ఒరిగి, ఆ చెంపను, పొట్టను బురద నీటిలో రాసి, లేచి, మళ్లీ ఎడమ పక్కకు ఒరిగింది. రెండు రెప్పపాట్ల పని. లేచి కూర్చునేసరికి ఒళ్లంతా కొత్తగా నూనె రాసినట్టు మెరిసింది. ఎండ తీవ్రంగా ఉన్న రోజు ఈ పొర్లడం తరచుగా, మబ్బు పట్టిన రోజు అరుదుగా జరగడం ఆ తర్వాతి రాకపోకల్లో గమనించాను.

చేపకు మరో చిక్కు కూడా ఉంది, దాన్ని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మాంసకృత్తులు అరిగాక మిగిలే అమ్మోనియా విషం. నీటిలో ఉన్న చేప దాన్ని మొప్పల ద్వారా నీటిలోకి వదిలేస్తుంది. నేల మీద వదలడానికి చుట్టూ నీరు ఉండదు, బొరియలో ఉన్న కొద్దిపాటి నీటిలో అప్పటికే అమ్మోనియా పేరుకుని ఉంటుంది. మలేషియా, సింగపూర్ తీరాల్లో ఉండే పెద్ద జాతి బురద చేప ఒకటి, బయట అమ్మోనియా ఎక్కువగా ఉన్నా సరే, శక్తి ఖర్చుపెట్టి దాన్ని మొప్పల్లోంచి బయటికి నెట్టగలదని శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. ఏటికి ఎదురీదడం అనే మాట దీనికి సరిగ్గా సరిపోతుంది.

ఇక కళ్లు. చాలా చేపలకు కనురెప్పలు ఉండవు, నీరే కన్నును కడుగుతూ ఉంటుంది కనుక వాటికి రెప్పలతో పని లేదు. ఈ చేపకు కళ్లు తల పైన రెండు మిరియాల్లా పైకి పొడుచుకుని ఉంటాయి. అది బురద గుంటలో ఒళ్లంతా దాచుకుని కళ్లు మాత్రం బయట పెట్టి చుట్టూ చూడగలదు. దీనిలో ఒక ప్రజాతికి పెట్టిన పెరియాఫ్తాల్మస్ అనే గ్రీకు పేరుకు అర్థం చుట్టూ తిరిగి చూసే కన్ను అని. ఆర్పినప్పుడు రెప్ప దిగదు, కన్నే గూటిలోకి దిగుతుంది. గుడ్డు కిందికి జారగానే చుట్టూ ఉన్న సాగే చర్మం సంచి మూతిలా దాని మీద కప్పుకుంటుంది, మరుక్షణం కన్ను మళ్లీ పైకి లేస్తుంది. మా అమ్మాయి దీన్ని లిఫ్టు దిగి ఎక్కినట్టుందని అంది, నాకు ఇంతకంటే మంచి వర్ణన దొరకలేదు. 2023లో అమెరికా పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం ఈ చేప కన్నార్పడం కూడా మనం ఆర్పే మూడు పనుల కోసమే: కంటిని తడపడానికి, పడిన నలుసును తుడవడానికి, ఏదైనా తగలబోతే కాపాడుకోవడానికి. కన్నీటి గ్రంథులు దానికి లేవు, చర్మపు జిగురు, బురద నీరు కలిసి కన్నీటి పని చేస్తాయి. కొత్త కండరం కూడా ఏదీ పుట్టలేదు. పాత చేపకున్న కంటి కండరాలనే కాస్త అటూ ఇటూ సర్దుకుంది. నేను ఈ విషయం చదివాక మళ్లీ వెళ్లి, గడియారం చూస్తూ ఒక చేపను లెక్కపెట్టాను. గాలి వీచి వంతెన మీది దుమ్ము రాలినప్పుడు వెంట వెంటనే రెండుసార్లు ఆర్పింది, మిగిలిన సమయమంతా తీరుబడిగా ఆర్పింది. ఏ కన్ను ముందు, ఏ కన్ను వెనుక అని చూద్దామనుకున్నాను గానీ ఆ రెండూ కలిసే దిగాయి.

నడక గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, చూసినవారికి అదే మొదట కనిపిస్తుంది. ముందు రెక్కలు రెండూ కండపట్టి, మధ్యలో మోచేయి లాంటి మడతతో ఉంటాయి. చంకకర్రల మీద నడిచే మనిషిలా రెండింటినీ ఒకేసారి ముందుకు వేసి, ఒంటిని లాక్కుంటుంది. తొందరపడితే తోకను పక్కకు వంచి ఒక్క ఊపున చాచి గెంతుతుంది. పొట్ట కింది రెక్కలు కలిసిపోయి చూషకంలా పనిచేయడం వల్ల నిట్టనిలువు వేరును కూడా పట్టుకుని ఉండగలదు.

తిండి మాత్రం ఆశ్చర్యం కలిగిస్తుంది. చేప నీటిలో నోరు తెరిచి నీటితో పాటు ఎరను లోపలికి లాక్కుంటుంది. నేల మీద లాక్కోవడానికి నీరు లేదు, కప్పకున్నట్టు సాగే నాలుక దీనికి లేదు. 2015లో బెల్జియంలోని ఆంట్వెర్ప్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు పశ్చిమాఫ్రికా జాతి ఒకదాన్ని వేగంగా తీసే కెమెరాలతో చిత్రించి, దీనికి నీటి నాలుక ఉందని చూపించారు. చేప నోటి నిండా నీరు పట్టుకుని నేల మీదికి వస్తుంది. ఎర మీదికి వంగగానే ఆ నీరు పెదవుల దాకా పొంగి ఎరను తాకుతుంది, వెంటనే ఎరతో సహా వెనక్కి పీల్చుకుపోతుంది. ఆ నీరు కిందికి ఇంకిపోయేలా చేసినప్పుడు చేప ఎరను పట్టుకోగలిగినా మింగడానికి ఇబ్బంది పడింది. పాయ ఒడ్డున ఒక చేప చిన్న పీతపిల్లను పట్టినప్పుడు ఎర చుట్టూ బురద ఒక్క క్షణం తడిసి మెరవడం నా కంట పడింది. ఈ చదువు లేకపోతే ఆ మెరుపుకు అర్థం నాకు తెలిసేది కాదు. సముద్రాన్ని నోట్లో పెట్టుకుని ఒడ్డెక్కిన చేప అది.

అన్ని బురద చేపలూ పీతలను తినవు. పాయ అంచున, అడుగు పెడితే మోకాలి దాకా దిగబడే మెత్తని బురదలో, జానెడు పొడవుండే మరో జాతి ఉంటుంది, దీన్ని బోలియాఫ్తాల్మస్ బొడ్డార్టి అంటారు. 1770లోనే పల్లాస్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు దీన్ని వర్ణించాడు. ఒంటి మీద ఆకాశనీలం చుక్కలు చల్లినట్టు ఉంటాయి. ఇది వేటాడదు, మేస్తుంది. తలను కుడికీ ఎడమకూ ఊపుతూ, కొడవలితో గడ్డి కోసినట్టు, బురద పైపొరలోని డయాటమ్‌లనే కంటికానని నాచును గీరి తింటుంది. పడవాయన మమ్మల్ని ఒక మలుపు దగ్గర ఆపి, "కదలకండి బాబుగారూ, మన నీడ పడిందంటే లోపలికెళ్లిపోద్దండి" అన్నాడు. అప్పటికే వెళ్లిపోయాయి, ఒడ్డంతా ఖాళీ. ఐదారు నిమిషాలు ఊపిరి బిగపట్టి కూర్చున్నాక ఒక బొరియ నోట్లో రెండు కళ్లు తేలాయి, ఆ తర్వాత ఒకదాని వెంట ఒకటిగా ఒడ్డు నిండిపోయింది. రెండు మగ చేపలు ఎదురెదురుగా వచ్చి, వీపు రెక్కను తెరచాపలా నిలబెట్టి, నోళ్లు ఎంత తెరవగలవో అంత తెరిచి, మూతిని మూతికి ఆనించి తోసుకున్నాయి. ఓడినది రెక్క ముడుచుకుని పక్కకు తిరిగింది, గెలిచినది తరమలేదు, అక్కడే తల ఊపుతూ మేతకు దిగింది.

ఈ దృశ్యం చెబితే కువైట్‌లో పనిచేస్తున్న మా పిన్నిగారి అబ్బాయి ఫోన్లో ఒక వీడియో పంపాడు. అక్కడి సులైబిఖాత్ తీరంలో ఇదే ప్రజాతికి చెందిన చేపలు పాటు వేళ నోటితో బురద తెచ్చి, తమ మేత చోటు చుట్టూ చిన్న చిన్న గోడలు కడతాయి. "అన్నయ్యా, అచ్చం మన వరిమళ్ల గట్లే" అన్నాడు, నిజంగానే పై నుంచి చూస్తే ఐదు మూలలు, ఆరు మూలలు ఉన్న మడిచెక్కలు ఒకదానికొకటి ఆనుకుని, ఉమ్మడి గట్లతో ఉన్నాయి. 1980ల్లో అక్కడి పరిశోధకులు దీన్ని వివరంగా గమనించారు. గట్టు వల్ల మడిలో నీరు నిలుస్తుంది, నీరు నిలిస్తే నాచు పెరుగుతుంది, పైగా గట్టు అడ్డుండటం వల్ల పొరుగు చేప కంటికి కనిపించక తగాదాలు తగ్గుతాయి. మన ఊళ్లలో గట్టు తగాదా అంటే ఏమిటో తెలిసినవారికి ఈ చివరి మాట బాగా పడుతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, గుడ్ల కాపలా ఒక ఎత్తు. ఆ నల్లని బురదలో ఆక్సిజన్ అందదని చెప్పాను, బొరియలోని నీటిలోనూ అది దాదాపు ఉండదు. అక్కడ గుడ్లు పెడితే ఊపిరాడక చచ్చిపోవాలి. 1998లో జపాన్‌కు చెందిన అత్సుషి ఇషిమత్సు, ఆయన సహచరులు మలేషియాలోని పెద్ద జాతి చేప తన బొరియలో గాలిని నిల్వ చేసుకుంటుందని కనుగొన్నారు. చేప పైకి వచ్చి నోటి నిండా గాలి పట్టుకుని, బొరియ లోపలికి వెళ్లి, వంపు తిరిగిన గదిలో వదిలి, మళ్లీ పైకి వస్తుంది. అలా ఎన్నో పుక్కిళ్ల గాలి చేరాక ఆ గది పైకప్పు కింద గాలి బుడగ నిలుస్తుంది. జపాన్ తీరపు చిన్న జాతి ఒకటి తన గుడ్లను ఆ గది పైకప్పుకే అతికించి పెడుతుంది, అంటే చేప గుడ్లు నీటిలో కాకుండా గాలిలో పెరుగుతాయి. తల్లి గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది, తండ్రి ఉంటాడు. పోటుకూ పాటుకూ ఆ గాలి తరిగిపోకుండా పాటు వేళల్లో పైకి వచ్చి, గాలి మోసుకుపోయి, గదిని నింపుతూ ఉంటాడు.

దీని తర్వాతి ఘట్టం 2007లో ఇషిమత్సు బృందమే ప్రచురించింది. గుడ్లలో పిల్లలు సిద్ధమయ్యాక, ఒక రాత్రి, పోటు పెరుగుతున్న సమయంలో, ఇన్ని రోజులుగా గాలి మోసుకొచ్చిన ఆ తండ్రి చేప ఇప్పుడు గదిలోని గాలిని నోట పట్టి బయటికి మోసుకుపోతుంది. గాలి పోయిన కొద్దీ నీరు గదిలోకి ఎక్కుతుంది. గుడ్లు మునుగుతాయి. మునగడమే వాటికి సంకేతం. పిల్లలు గుడ్లలోంచి బయటపడి, పోటు నీటితో పాటు బొరియ దాటి సముద్రంలోకి వెళ్లిపోతాయి. ఏ రోజు, ఏ పోటు అన్నది ఆ తండ్రి చేపే నిర్ణయిస్తుంది. నేను దీన్ని మొదటిసారి చదివినప్పుడు కాగితం పక్కన పెట్టి చాలాసేపు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను. మొన్నటి వేసవిలో వంతెన కింద బుగ్గలు ఉబ్బించుకుని బొరియలోకి తలకిందులుగా దిగి, ఖాళీ బుగ్గలతో పైకి వచ్చి, మళ్లీ ఉబ్బించుకుని దిగిన ఒక చేపను అరగంట పాటు చూశాను. పదకొండుసార్లు దిగింది. ఇంతటి శ్రద్ధను అంత చిన్న ఒంట్లో చూడటం నా అదృష్టం.

ఇప్పుడు ఆ పెద్ద మాట దగ్గరికి వస్తాను. బురద చేప గురించి ఎక్కడ చదివినా, అది నీటి నుంచి నేలకు వస్తున్న దారిలో ఉందని, జీవపరిణామంలో సగం మెట్టు మీద ఆగిందని, మన పూర్వీకుల నడకను కళ్లకు కట్టే సజీవ సాక్ష్యమని రాస్తారు. దశావతారాల్లో మత్స్యానికీ కూర్మానికీ నడుమ దీన్ని నిలబెట్టి మాట్లాడిన పెద్దలు కూడా నాకు తెలుసు. పోలికగా అందంగా ఉంటుంది గానీ అది నిజం కాదు. నేల మీదికి వచ్చిన వెన్నెముక జంతువుల పూర్వీకులు కండగల రెక్కల చేపలు, వాటి బంధువైన టిక్టాలిక్ శిలాజం 2004లో కెనడా ఉత్తర కొసన ఎల్స్‌మియర్ దీవిలో దొరికింది, దాని వయసు సుమారు 37.5 కోట్ల సంవత్సరాలు. బురద చేపలు ఆ వంశానివి కావు. అవి గోబీలనే చిన్న చేపల కుటుంబానికి దగ్గరి చుట్టాలు, కిరణాల్లాంటి ముళ్లున్న రెక్కల చేపలు. మన చెరువుల్లోని బొచ్చెకు, శీలావతికి అవి ఎంత దగ్గరో మనకు అంత దూరం. కాళ్లున్న జంతువులు నేలంతా పరుచుకున్న ఎన్నో కోట్ల ఏళ్లకు గానీ ఇవి బురద ఎక్కలేదు. ఎక్కినది కూడా అడవిలోకో కొండ మీదికో పోవడానికి కాదు.

ఈ తప్పు చిన్నదే కదా అనిపించవచ్చు. నాకు అలా అనిపించదు. సగం దారిలో ఉన్నదని అన్నప్పుడు అది ఇంకా పూర్తి కాని ప్రాణి అని, దాని చోటు కూడా పూర్తి కాని చోటని మనకు తెలియకుండానే ఒప్పుకుంటాం. నీటి నాలుక, గూటిలోకి దిగే కన్ను, గాలి గది, రాత్రి పోటును ఎంచుకునే తండ్రి, ఇవేవీ నేలకు వెళ్లే దారిలో మజిలీలు కావు. రోజుకు రెండుసార్లు మునిగి తేలే బురదకు మాత్రమే సరిపోయే సంపూర్ణమైన ఏర్పాట్లు. నీరు నిండుగా ఉన్న చెరువులో ఈ చేపకు ప్రత్యేకత ఏమీ లేదు, ఎండిన నేల మీద అది ఒక పూట బతకదు. మన పెద్దలు స్థానబలిమి అన్నది దీన్నే. 2014లో నాలుగు జాతుల జన్యు పటాలను పూర్తిగా చదివిన శాస్త్రజ్ఞులకు కూడా రోగనిరోధక శక్తికి, అమ్మోనియాను వదిలించుకోవడానికి, గాలిలో చూడటానికి సంబంధించిన జన్యువుల్లో ఈ జీవితానికి తగిన మార్పులే కనిపించాయి.

పూర్తి కాని చోటు అన్న ఆ భావనే మడ అడవులకు ఎక్కువ చేటు చేసింది. బురదను పనికిరాని నేలగా లెక్కగట్టి గోదావరి, కృష్ణా డెల్టాల్లో రొయ్యల చెరువులు తవ్వారు, పాయల నోళ్లు పూడ్చారు. పోటు నీరు లోపలికి రాకుండా ఆగిన చోట నేలలో ఉప్పు పేరుకుని మడ చెట్టు చస్తుంది, చెట్టు కంటే ముందు బురద గట్టిపడి చేప వెళ్లిపోతుంది. కాకినాడ దగ్గర నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన ఒక పాయ ఒడ్డున గ్రావెల్ పోసి చదును చేశారు; ఆరేళ్ల కిందట అక్కడ పీతలు, చేపలు ఆడిన జాగాలో ఇప్పుడు బీటలు వారిన తెల్లని పొర ఉంది. జపాన్‌లో ఇసహాయా అఖాతానికి అడ్డంగా ఏడు కిలోమీటర్ల కట్ట కట్టి 1997 ఏప్రిల్‌లో నీటిని మూసేసినప్పుడు కూడా ఇదే జరిగింది. అక్కడ బురద చేపను ముత్సుగొరో అంటారు, అరియాకే సముద్రపు పల్లెల్లో చెక్క పలక మీద మోకాలు ఆనించి బురదపై జారుతూ, పొడవాటి గాలపు కర్రతో దాన్ని పట్టే జాలరులు తరతరాలుగా ఉన్నారు. కట్ట లోపల బురద ఎండి పగిలింది.

అయితే నీరు తిరిగి వస్తే బురద తిరిగి వస్తుందన్నది కూడా మన కోరింగలోనే రుజువైంది. 1990ల చివరి నుంచి అటవీ శాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, చుట్టుపక్కల పల్లెల ప్రజలు కలిసి, చచ్చిపోయిన మడ నేలల్లో చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. మధ్యలో ఒక పెద్ద కాలువ, దానికి అటూ ఇటూ ఏటవాలుగా పిల్ల కాలువలు. పోటు వాటి వెంట లోపలికి వచ్చి, పాటు వేళ పేరుకున్న ఉప్పును కడిగి తీసుకుపోయింది. కాలువ గట్ల మీద నాటిన మడ మొక్కలు ఇప్పుడు మనిషి ఎత్తు దాటి నీడనిస్తున్నాయి. పడవాయన ఒక పాత కాలువ నోటి దగ్గర తెడ్డు ఆపి, "ఇక్కడ మా చిన్నప్పుడు ఏమీ లేదండి, ఉప్పు నేలండి, ఆయ్" అన్నాడు. ఆ కాలువ అంచున లెక్కపెట్టడం మొదలుపెట్టి యాభై రెండు కళ్ల జతల దగ్గర ఆపేశాను.

ఆ మొదటి రోజు మేము వంతెన మీద నుంచి లేచేసరికి ఐదు కావస్తోంది. పోటు మొదలైంది. చప్పుడు లేకుండా వేర్ల మధ్య నుంచి నీరు పాకి వచ్చి గుంటలను ఒక్కొక్కటే కలిపేసింది. పాయ అంచున నీలి చుక్కల చేపలు బొరియల్లోకి దిగిపోయాయి. మా కింద ఉన్న వేలెడు చేప మాత్రం నీటితో పాటే వెనక్కి జరుగుతూ, చివరికి ఒక ఉప్పు పొన్న వేరు ఎక్కి, తోక కొసను మాత్రం నీటిలో ఉంచి కూర్చుంది. మా అమ్మాయి దానికి చెయ్యి ఊపింది. నీరు ఇంకో బెత్తెడు పెరిగింది, చేప ఇంకో బెత్తెడు పైకి ఎక్కింది.